పెంపుడు కుక్కకు అజీర్తి: ఇంట చూసుకోదగినది, వైద్యునికి చూపవలసినది

విజయనగరం నుండి రాయగడ మీదుగా రాయపూర్ వైపు సాగే రైలు మార్గంపై ఉన్న తెరుబలిలో ఫెర్రో మిశ్రలోహాల కర్మాగారం నెలకొన్న నాటి నుండి తెలుగు కుటుంబాలు అనేకం ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాయి. రాయగడ, జేకేపూర్, జయపురం, సునాబెడ, దమన్‌జోడి పట్టణాలలోనూ ఇదే స్థితి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడే వరకు ఈ కొండసీమ విశాఖపట్టణం జిల్లాలో భాగంగానే ఉండేది గనుక తెలుగు ఇక్కడ పరాయి భాష కాదు. అయినా ఉద్యోగరీత్యా వచ్చినవారికి స్వగ్రామపు అండదండలు దూరమే. ఇంట్లో పెంచుకొంటున్న కుక్కకు రాత్రివేళ వాంతి అయితే సలహా చెప్పే పెద్దలు, పరిచయమున్న పశువైద్యుడు పక్కనే ఉండకపోవచ్చు. ఆ సమయంలో ఇంటివారు తామే ఒక నిర్ణయం తీసుకోవాలి: తెల్లవారే వరకు వేచి చూడవచ్చునా, లేక వెంటనే బయలుదేరాలా? ఆ నిర్ణయానికి కావలసిన పరిజ్ఞానం ఇవ్వడమే ఈ పాఠం ఉద్దేశం.

పాఠానికి ఆధారంగా రెండు ఇళ్ళను ఊహించుకొందాం.

మొదటి ఇంట్లో నాలుగేళ్ళ లాబ్రడార్ కుక్క ఉంది. టీకాలన్నీ సకాలంలో వేయించారు. ఆదివారం విందు తరువాత మిగిలిన కోడి చర్మం, నూనె ముద్దలు దానికి పెట్టారు. రాత్రి రెండుసార్లు వాంతి చేసుకొంది. తెల్లవారుజామున ఒక్కసారి పలుచని విరేచనం అయింది. ఉదయం యజమాని తలుపు తీయగానే తోక ఊపుతూ ఎదురువచ్చి నీళ్ళు తాగింది.

రెండవ ఇంట్లో పది వారాల కుక్కపిల్ల ఉంది. బంధువుల ఊరి నుండి నాలుగు రోజుల క్రితమే తెచ్చారు. టీకా ఇంకా వేయించలేదు. ఉదయం నుండి మూడుసార్లు వాంతి అయింది. పాలు ముట్టలేదు. మూలకు చేరి పడుకొంది. ఇంటివారు "దిష్టి తగిలింది, రేపటికి తేరుకొంటుంది" అనుకొన్నారు.

రెండు ఇళ్ళలోనూ కనిపించిన లక్షణం వాంతే. కాని మొదటి ఇంటివారికి కావలసింది ఓర్పు. రెండవ ఇంటివారికి కావలసింది త్వర. ఈ భేదాన్ని గుర్తించగలిగితే పాఠంలో సగం నేర్చినట్లే.

1. కడుపు ఎందుకు చెడుతుంది?

కుక్క ఏది దొరికినా ముందు మింగి, ఆ తరువాత సంగతి చూసుకొనే జంతువు. సరిపడనిదాన్ని వాంతి ద్వారా వెళ్ళగొట్టడం దాని శరీరానికి సహజమైన రక్షణ. అందుచేత ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క ఒకసారి వాంతి చేసుకొని, మరుక్షణం ఆటలో పడితే ఆందోళన అవసరం లేదు. అప్పుడప్పుడు గడ్డి తిని కక్కడం కూడా అనేక కుక్కలలో కనిపించేదే.

మన ఇళ్ళలో సాధారణంగా కనిపించే కారణాలు ఇవి.

ఆహారంలో ఆకస్మిక మార్పు. కొత్తరకం పొట్టు ఆహారాన్ని ఒక్క రోజులో మొదలుపెట్టినా, సెలవులకు ఊరు వెళ్ళి అక్కడి తిండి పెట్టినా పేగులలోని సూక్ష్మజీవుల సమతుల్యం తప్పుతుంది.

పాలు. పాలు విడిచిన వయసు తరువాత చాలా కుక్కలకు పాలలోని చక్కెరను జీర్ణించుకొనే శక్తి తగ్గుతుంది. పాలన్నం, పాలలో నానబెట్టిన రొట్టె ముద్దుగా పెట్టే ఇళ్ళలో విరేచనాలు తరచు కనిపించడానికి ఇదొక కారణం. మజ్జిగ, పెరుగు కొంత మేలు. అవి కూడా కొద్దిగానే.

కొవ్వు, మసాలా. పండుగలలో, మజ్జిగౌరి అమ్మవారి చైత్ర జాతర రోజులలో, పెళ్ళి విందుల తరువాత మిగిలిన కూరలు, వేపుళ్ళు కుక్క పళ్ళెంలోకి చేరుతాయి. అధికమైన కొవ్వు క్లోమగ్రంథి వాపుకు దారితీయవచ్చు. అది చిన్న అజీర్తి కాదు, తీవ్రమైన వ్యాధి.

చెత్తకుప్ప తిండి. పాచిపోయిన అన్నం, బూజు పట్టిన రొట్టె, కూర వాసన అంటిన ప్లాస్టిక్ సంచి.

ఈ సీమకు ప్రత్యేకమైనవి. ఎండాకాలం మొదట్లో ఇప్పపువ్వు రాలుతుంది. పులిసిన ఇప్పపువ్వును గాని, సారా తీయగా పారబోసిన పిప్పిని గాని తిన్న కుక్క తూలిపోతుంది, వాంతి చేసుకొంటుంది. మనిషికి ఎక్కే మత్తు దానికి విషమే. మామిడికాయల కాలంలో టెంకను మింగితే అది పేగులో అడ్డుపడి ప్రాణం మీదికి తెస్తుంది. వానకాలంలో గోదురుకప్పను నోట కరచిన కుక్క నురుగు కక్కుతుంది. అడవి పుట్టగొడుగులు, పత్తిచేలలో చల్లే పురుగుమందులు, ఎలుకల మందు కలిపిన ముద్దలు కూడా మన చుట్టుపక్కల ఉండే అపాయాలే.

2. మొదట చేయవలసిన ఐదు పరీక్షలు

కుక్కకు వాంతి గాని విరేచనం గాని కాగానే మందుల పెట్టె వైపు పోకుండా, ఐదు నిమిషాలు దాని దగ్గర కూర్చొని ఈ కింది విషయాలు గమనించాలి. పరికరాలతో పని లేదు. ఒక్క జ్వరమానిని ఉంటే మంచిది.

ఒకటి, చురుకుదనం. పేరు పెట్టి పిలిస్తే తల ఎత్తుతున్నదా? లేచి నడుస్తున్నదా? అన్నిటికంటె విలువైన పరీక్ష ఇదే. విరేచనాలు నాలుగైనా హుషారుగా ఉన్న కుక్క కంటె, ఒక్క వాంతితో వాడిపోయిన కుక్క ఎక్కువ ప్రమాదంలో ఉన్నట్లు భావించాలి.

రెండు, చిగుళ్ళు. పై పెదవి ఎత్తి చూస్తే చిగురు తడిగా, గులాబి రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటికి రెండు సెకన్ల లోపల రంగు తిరిగి రావాలి. చిగుళ్ళు ఎండిపోయి వేలికి అతుక్కొంటే ఒంట్లో నీరు తగ్గినట్లు. పాలిపోయినా, పసుపుపచ్చగా లేదా ఇటుక ఎరుపుగా మారినా వెంటనే వైద్యుని చూడాలి. కొన్ని జాతులకు చిగుళ్ళు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి. వాటికి కనురెప్ప లోపలి భాగం చూడవచ్చు. ఆరోగ్యంగా ఉన్న రోజున ఒకసారి చూసి ఉంచుకొంటే తేడా తెలుస్తుంది.

మూడు, చర్మం. భుజాల నడుమ చర్మాన్ని పైకి లాగి వదిలితే తక్షణం యథాస్థానానికి చేరాలి. గుడారంలా నిలిచి నెమ్మదిగా దిగితే నీటి కొరత ఏర్పడిందని అర్థం. ముసలి కుక్కలలో, బాగా చిక్కిన కుక్కలలో ఈ పరీక్ష అంత నమ్మదగినది కాదు.

నాలుగు, ఉష్ణోగ్రత. కుక్క ఒంటి వేడి మనిషి కంటె ఎక్కువ. 101 నుండి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకు సహజం. కనుక చేతికి వెచ్చగా తగిలినంత మాత్రాన జ్వరమని తలచరాదు. గుదద్వారంలో జ్వరమానిని ఉంచి చూసినప్పుడు 103.5 దాటినా, జబ్బుగా ఉన్న పిల్లలో 99 కంటె దిగినా ప్రమాదమే.

ఐదు, బయటికి వచ్చినది. వాంతిలో ఏముంది? తిన్న అన్నమా, పసుపుపచ్చని పైత్యమా, నురుగా, పురుగులా, రక్తమా? మలం నీళ్ళలా ఎక్కువగా పోతున్నదా, లేక మాటిమాటికి కొద్దికొద్దిగా జిగటతో వస్తున్నదా? రెండవ విధమైనది సాధారణంగా పెద్దపేగుకు సంబంధించినది. అందులో ఒకటి రెండు చుక్కల ఎర్రని రక్తం కనిపించినా కుక్క హుషారుగా ఉంటే అది అత్యవసరం కాకపోవచ్చు, కాని ఆ రోజే వైద్యునికి చెప్పాలి. తారులా నల్లని మలం మాత్రం పై భాగాన రక్తస్రావానికి గుర్తు, ఆలస్యం పనికిరాదు.

కనిపించిన వేళ, ఎన్నిసార్లు అన్నది కాగితం మీద వ్రాసి ఉంచాలి. వీలైతే సెల్‌ఫోన్‌లో ఫోటో తీయాలి. వైద్యునికి మన జ్ఞాపకం కంటె ఆ ఫోటో ఎక్కువ ఉపయోగపడుతుంది.

3. వేచి చూడరాని సందర్భాలు

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇంటి వైద్యం ప్రారంభించరాదు.

• ఆరు నెలల లోపు పిల్ల, ముఖ్యంగా టీకాలు పూర్తి కానిది, చూలు కుక్క, బాగా ముసలిది, మధుమేహం, మూత్రపిండాల జబ్బు వంటివి ముందే ఉన్నది.
• కొద్ది గంటలలో మూడు, నాలుగుసార్లు వాంతి. తాగిన నీళ్ళు కూడా నిలవకపోవడం.
• రక్తంతో, దుర్గంధంతో కూడిన విరేచనం, లేదా రక్తపు వాంతి.
• పొట్ట డప్పులా ఉబ్బి, వాంతికి ప్రయత్నిస్తూ ఏమీ రాకపోవడం. పెద్ద జాతి కుక్కలలో ఇది జీర్ణాశయం మెలిపడినందుకు గుర్తు కావచ్చు. అప్పుడు ప్రతి నిమిషం విలువైనదే.
• టెంక, ఎముక, గుడ్డ, దారం, బొమ్మ వంటివి మింగినట్లు అనుమానం. గుదద్వారం నుండి దారం వేలాడుతుంటే లాగరాదు.
• విషం తిన్న అనుమానం. వణుకు, చొంగ, తూలుడు, మూర్ఛ.
• ఒళ్ళు చల్లబడడం, లేవలేకపోవడం, చిగుళ్ళు పాలిపోవడం.
• ఒకటి రెండు రోజుల ఇంటి సంరక్షణ తరువాత కూడా తగ్గకపోవడం.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. కుక్క మింగలేకపోతూ, దవడ వేలాడేసి, చొంగ కారుస్తూ, స్వభావం మారి కనిపిస్తే గొంతులో ఎముక అడ్డుపడిందని తలచి నోట్లో చేయి పెట్టడం మన ఇళ్ళలో సర్వసాధారణం. రేబీస్ వ్యాధి కూడా ఇదే రూపంలో రాగలదు. అటువంటి కుక్కను తాకకుండా వేరుగా ఉంచి పశువైద్యునికి తెలియజేయాలి. కాటు పడినా, గీరుకు, పుండుకు చొంగ తగిలినా ఆ భాగాన్ని సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడిగి, అదే రోజు మనుషుల ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోవాలి.

4. ఇంటి సంరక్షణ: మూడు రోజుల క్రమం

పై అపాయ లక్షణాలు ఏవీ లేని, ఆరోగ్యంగా పెరిగిన పెద్ద కుక్కకు మాత్రమే ఈ క్రమం వర్తిస్తుంది.

మొదటి మెట్టు, కడుపుకు విశ్రాంతి. వాంతులు అయిన కుక్కకు ఆరు నుండి పన్నెండు గంటలు తిండి పెట్టకూడదు. వాంతులు లేక విరేచనాలు మాత్రమే ఉంటే పస్తు ఉంచవలసిన పని లేదు. తేలికైన ఆహారం కొద్దికొద్దిగా పెట్టవచ్చు. చిన్న పిల్లలను, అరచేతిలో ఇమిడే బుల్లి జాతి కుక్కలను పస్తు ఉంచరాదు. వాటి రక్తంలో చక్కెర త్వరగా పడిపోతుంది.

రెండవ మెట్టు, నీరు. తిండి ఆపవచ్చు గాని నీరు ఆపరాదు. అయితే గిన్నె నిండా పెడితే దాహంతో ఒక్కసారిగా తాగి మళ్ళీ కక్కుతుంది. కాచి చల్లార్చిన నీటిని అరగంటకొకసారి, చిన్న కుక్కకు రెండు మూడు చెంచాలు, పెద్ద కుక్కకు పావు గ్లాసు చొప్పున ఇవ్వాలి. నిలిచిందంటే మోతాదు పెంచాలి. ఆరోగ్యవంతమైన కుక్కకు రోజుకు కిలో బరువుకు సుమారు 50 నుండి 60 మిల్లీలీటర్ల నీరు కావాలి. అంటే పది కిలోల కుక్కకు అర లీటరు పైచిలుకు. విరేచనాలు అవుతున్నప్పుడు అంతకంటె ఎక్కువే. పొట్లంపై చెప్పిన కొలత ప్రకారం కలిపిన ఓ.ఆర్.ఎస్. నీటిని కుక్క ఇష్టపడి తాగితే కొద్దిగా ఇవ్వవచ్చు. ఉప్పు వేయని పలుచని గంజి కూడా మంచిదే. నోరు తెరచి బలవంతంగా పోయరాదు. అది ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదముంది.

మూడవ మెట్టు, పథ్యం. మెత్తగా ఉడికించిన తెల్ల అన్నం రెండు మూడు పాళ్ళు, చర్మం, ఎముక, కొవ్వు తీసివేసి నీళ్ళలో ఉడికించిన కోడిమాంసం ఒక పాలు కలిపి పిసికి పెట్టాలి. ఉప్పు, నూనె, కారం, పసుపు, ఉల్లి ఏదీ వేయకూడదు. మాంసం వండని ఇళ్ళలో మాంసానికి బదులు ఉడికించిన గుడ్డు గాని, కొద్దిపాటి వెన్నలేని పెరుగు గాని వాడవచ్చు. ఉడికించి మెదిపిన గుమ్మడి ఒకటి రెండు చెంచాలు కలిపితే మలం గట్టిపడడానికి సహాయపడుతుంది. మొదటి ముద్ద పది కిలోల కుక్కకు రెండు మూడు పెద్ద చెంచాలకు మించరాదు. రెండు గంటలు చూసి, వాంతి కాకపోతే మరికొంత. ఆ విధంగా రోజుకు నాలుగైదు సార్లు కొద్దికొద్దిగా పెట్టాలి. మొదటి రోజు మొత్తం ఆహారం మామూలు దానిలో మూడవ వంతు ఉంటే చాలు.

నాలుగవ మెట్టు, మామూలు తిండికి మరలడం. మలం గట్టిపడిన తరువాత కూడా ఒకటి రెండు రోజులు పథ్యం కొనసాగించాలి. తరువాత మొదటి రోజు నాలుగింట ఒక వంతు పాత ఆహారం, మూడు వంతుల పథ్యం. రెండవ రోజు చెరిసగం. మూడవ రోజు మూడు వంతుల పాత ఆహారం. నాలుగవ రోజు పూర్తి ఆహారం. మూడవ రోజు "కోలుకొంది కదా" అని కూర అన్నం పెట్టడం వల్ల మళ్ళీ మొదటికి రావడం తరచు జరిగే పొరపాటు.

ఈ రోజులలో కుక్కను పరుగులు పెట్టించరాదు. వాకిట కట్టి చల్లని నీడలో ఉంచాలి. బయట తిరిగితే మళ్ళీ ఏదో ఒకటి తింటుంది.

5. మంచి ఉద్దేశంతో చేసే కీడు

మనం వాడే నొప్పి మాత్రలు కుక్కకు ఇవ్వరాదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి దాని జీర్ణాశయంలో పుండ్లు, మూత్రపిండాలకు హాని కలిగిస్తాయి. పారాసెటమాల్ కాలేయాన్ని, రక్తకణాలను దెబ్బతీస్తుంది.

విరేచనాలు ఆపే మాత్రలు వైద్యుడు చెప్పనిదే వేయరాదు. సూక్ష్మజీవుల వల్ల గాని, విషం వల్ల గాని వచ్చిన విరేచనాన్ని బిగబట్టితే లోపలి చెడు లోపలే ఉండిపోతుంది. కోలీ వంటి కొన్ని జాతులకు ఆ మందులు మెదడుపై విషంలా పనిచేస్తాయి.

యాంటీబయాటిక్ మాత్ర సగం విరిచి వేయడం మరొక అలవాటు. చురుకుగా ఉన్న కుక్కకు వచ్చే సామాన్య విరేచనాలు చాలా భాగం వాటంతటవే తగ్గుతాయి. అనవసరపు మాత్ర పేగులలోని మేలుచేసే సూక్ష్మజీవులను చంపి కోలుకోవడాన్ని ఆలస్యం చేస్తుంది. మందులకు లొంగని సూక్ష్మజీవులను పెంచుతుంది. అవి మన ఇంటి పిల్లలకూ సోకగలవు.

వాంతి చేయించడానికి ఉప్పునీరు పోయడం ప్రాణాంతకం. ఆముదం పట్టడం వల్ల ఉన్న నీరు కూడా పోతుంది. పురుగులు పోవాలని వెల్లుల్లి మింగించే ఆచారం మానుకోవాలి. ఉల్లి, వెల్లుల్లి పచ్చివైనా, వండినవైనా కుక్క ఎర్రరక్తకణాలను చిట్లజేస్తాయి. సాంబారులోని ఉల్లి కూడా అందులో చేరినదే. ద్రాక్ష, కిస్మిస్ మూత్రపిండాలను చెడగొట్టగలవు. కనుక పాయసం, లడ్డు పంచరాదు. చాక్లెట్, చక్కెర లేదని చెప్పే చూయింగ్ గమ్‌లోని జైలిటాల్ కూడా విషతుల్యాలే. వండిన ఎముక పెళుసుబారి ముక్కలై పేగును చీల్చగలదు.

6. పార్వో: అజీర్తి వేషంలో వచ్చే మృత్యువు

రెండవ ఇంటి కుక్కపిల్ల వద్దకు ఇప్పుడు వద్దాం. 1978 ప్రాంతంలో ప్రపంచమంతటా ఒక్కసారిగా వ్యాపించిన పార్వో వైరస్, టీకా వేయని కుక్కపిల్లల పాలిట అతి పెద్ద శత్రువు. మొదటి రోజు మందకొడితనం, తిండి మానడం, వాంతి. ఆ తరువాత నెత్తురు కలిసిన దుర్గంధపు విరేచనం. పేగు గోడను, రక్తంలోని తెల్లకణాలను ఏకకాలంలో నాశనం చేస్తుంది. వైద్యం లేకుంటే ఎక్కువ పిల్లలు చనిపోతాయి. తొలి దశలోనే నరం ద్వారా ద్రవాలు ఎక్కించి చికిత్స చేస్తే ఎక్కువ పిల్లలు బతుకుతాయి. ఈ రెండింటికి నడుమ ఉన్న తేడా చాలా సందర్భాలలో ఒక్క రోజు ఆలస్యమే. "రేపటికి తేరుకొంటుంది" అన్న మాటలోని అపాయం అదే.

నివారణ సులభం. ఆరు నుండి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాల వయసు నిండే వరకు తిరిగి టీకా, ఆపై ఏడాదికి బలపరచే టీకా వేయించాలి. రేబీస్ టీకా మూడు నెలల వయసులో మొదలు. టీకాలు పూర్తయ్యే వరకు పిల్లను వీధి కుక్కలు తిరిగే చోటికి తీసుకుపోరాదు. పార్వో సోకిన ఇంట్లో వైరస్ నెలల తరబడి బతికి ఉంటుంది. మామూలు ఫినాయిల్‌ను నమ్ముకోరాదు; ముందు శుభ్రంగా కడిగి, ఒక పాలు బ్లీచింగ్ ద్రావణానికి ముప్పై పాళ్ళు నీరు కలిపి పది నిమిషాలు నేల తడిగా ఉండేలా వేయాలి.

కడుపులోని పురుగులు మరొక మూల కారణం. రెండు వారాల వయసు నుండి పన్నెండు వారాల వరకు పక్షానికొకసారి, ఆరు నెలల వరకు నెలకొకసారి, పిమ్మట మూడు నెలలకొకసారి పురుగుల మందు వేయించడం సాధారణ నియమం. మోతాదు బరువును బట్టి వైద్యుడు చెప్పాలి.

7. వైద్యశాలలో ఏమి చెప్పాలి?

రాయగడ, కోరాపుట్ వంటి జిల్లా కేంద్రాలలోని ప్రభుత్వ పశువైద్యశాలలను ఒడిశాలో "ప్రాణీ చికిత్సాలయ" అంటారు. సంచార పశువైద్య సేవల కోసం దేశంలో 1962 అనే ఫోన్ సంఖ్య ఏర్పాటైంది. కుక్క ఆరోగ్యంగా ఉన్న రోజే సమీప వైద్యశాల ఎక్కడ, ఏ వేళలలో తెరచి ఉంటుంది, రాత్రివేళ ఎవరిని పిలవాలి, ఏ వాహనం దొరుకుతుంది అన్నది తెలుసుకొని గోడ మీద అంటించాలి. తెరుబలి వంటి చిన్న ఊళ్ళలో ఉండేవారు ప్రయాణానికి పట్టే సమయాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. పట్నవాసి సాయంత్రం వరకు ఆగగలిగిన చోట మనం మధ్యాహ్నమే బయలుదేరడం వివేకం.

వైద్యుడు అడిగేవి: వయసు, బరువు, టీకాలు, చివరగా ఏమి తిన్నది, ఎన్నిసార్లు వాంతి, మలం ఎలా ఉంది, ఏ మందు వేశారు. వేసిన మందును దాచరాదు. ఒడియా పూర్తిగా రానివారికి ఈ కొద్ది మాటలు అక్కరకు వస్తాయి.

• కుకుర: కుక్క
• పేట: కడుపు
• బాంతి: వాంతి
• పతళా ఝాడా: నీళ్ళ విరేచనం
• రక్త: నెత్తురు
• ఖాఉనాహిఁ: తినడం లేదు
• పాణి: నీళ్ళు
• జ్వర: జ్వరం
• టికా: టీకా
• కృమి: కడుపులో పురుగులు

8. పౌరులుగా మన బాధ్యత

ఒక ఇంటి కుక్క కడుపు చెడడానికి కారణం పక్కింటి చెత్త సంచి కావచ్చు. ఎముకలు, పాచి కూరలు ప్లాస్టిక్ సంచిలో కట్టి రోడ్డు మీద విసరడం మానాలి. తడి చెత్తను మూత ఉన్న డబ్బాలో వేసి పురపాలక బండికి అందించాలి. ఎలుకల మందును కుక్కలకు అందే చోట పెట్టరాదు.

కుక్క మలాన్ని ఇంటివారే ఎత్తి పారవేయాలి. అందులోని కొంకిపురుగు, ఏలికపాము గుడ్లు మట్టిలో ఎదిగి, వట్టి కాళ్ళతో ఆడే పిల్లలకు సోకుతాయి. కడుపు చెడిన కుక్కకు సేవ చేసినవారు సబ్బుతో చేతులు కడుక్కొన్న తరువాతే వంటింట అడుగుపెట్టాలి.

1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం పెంచుకొన్న జంతువుకు తగినంత తిండి, నీరు, నీడ కల్పించకపోవడం నేరం. జబ్బు చేసిందని కుక్కను రైల్వే స్టేషన్ దగ్గర విడిచి రావడం చట్టానికే కాదు, అది మన గుమ్మం దగ్గర కాచిన రాత్రులకూ ద్రోహమే.

పునశ్చరణ

1. పాఠం మొదట చెప్పిన లాబ్రడార్ కుక్కకు ఏమి చేయాలి?
హుషారుగా ఉంది, నీళ్ళు నిలుస్తున్నాయి, టీకాలున్నాయి. చిగుళ్ళు, చర్మం పరీక్షించి, కొన్ని గంటలు తిండి ఆపి, నీరు కొద్దికొద్దిగా ఇచ్చి, పథ్యం మొదలుపెట్టాలి. వాంతులు మళ్ళీ మొదలైనా, పొట్ట నొప్పితో వంగి నిలబడినా క్లోమగ్రంథి వాపును అనుమానించి వైద్యునికి చూపాలి.

2. పది వారాల పిల్లకు ఏమి చేయాలి?
పస్తు పెట్టరాదు, మందు వేయరాదు, తెల్లవారే వరకు ఆగరాదు. వెచ్చని గుడ్డలో చుట్టి, తక్షణం పశువైద్యుని వద్దకు తీసుకుపోవాలి. పార్వో అనుమానమని ముందే చెప్పి, వైద్యశాలలో ఇతర కుక్కలకు దూరంగా ఉంచాలి.

3. ఇంట్లో జ్వరమానిని లేదు, వైద్యుడు అందుబాటులో లేడు. ఒక్క పరీక్షే చేయగలరు. ఏది?
పేరు పెట్టి పిలవడం. వెంటనే లేచి వచ్చే కుక్క మనకు కొంత సమయం ఇస్తున్నది. పిలిచినా తల ఎత్తని కుక్క ఇక సమయం లేదని చెబుతున్నది.